గుర్రాల సినిమా, హార్మోనియం పెట్టె

మా ప్రసూనాంబ గారి హరికథ విని సీతమ్మ కష్టాలకి ఏడ్చేవాళ్లున్నారు. ఆవిడ ఏడ్చేది మాత్రం గుర్రాల సినిమాలకి. అరవై రెండేళ్లు, కాళ్లకి గజ్జెలు, చేతిలో చిడతలు, నోటినిండా పద్యాలు, బుర్రనిండా కౌబాయిలు. ఆరేళ్లుగా ఆవిడకి నేనే హార్మోనియం వాయిస్తున్నాను. వాయించడం రెండు గంటల పని, ఆ పెట్టె మోయడం రోజంతా పని. విశాలి అని నాకు పేరు పెట్టారు గాని, కూలీ అని పిలిచినా పలుకుతాను.

ఆవిడ తండ్రి కూర్మనాథం గారు కూడా హరిదాసే. ఆదివారం పొద్దున్న అరసవల్లిలో కథ, మధ్యాహ్నం శ్రీకాకుళంలో మ్యాట్నీ. ఆదివారం ఆ ఒక్క ఆటకే ఇంగ్లీషు సినిమా వేసేవారు. ఇంగ్లీషు ముక్క రాని దాసుగారు, పక్కన పదకొండేళ్ల కూతురు, ఇద్దరి కాళ్ల దగ్గరా హార్మోనియం పెట్టె. గుర్రాలు పరిగెత్తాక మాటలతో ఏం పని. కాకపోతే ఒకటే చిక్కు. శ్రీకాకుళం ఊళ్లో రైలు ఆగదు, ఆమదాలవలస పోవాలి. పొందూరులో ఇంటికి చేర్చే పాసింజరు అందాలంటే సినిమా ఇంకా పది నిమిషాలుండగానే లేచి బస్సెక్కాలి. అలా తండ్రీకూతుళ్లు నలభై సినిమాలు చూశారు, ఒక్కదానికీ ముగింపు చూడలేదు. రైల్లో కూర్చుని వాళ్లే అల్లుకునేవారు.

ఒక్క సినిమా మాత్రం అల్లికకి లొంగలేదు. అందులో ఒక షెరీఫు, అంటే ఆ ఊరి పోలీసు, నీళ్లతొట్టి చాటున తుపాకీ గురిపెట్టాడు. ఎదురుగా బందిపోటు, తనకి చిన్నప్పటి స్నేహితుడే, వీపు ఇటు పెట్టి గుర్రానికి నీళ్లు తాగిస్తున్నాడు. పేల్చాలా, పేరు పెట్టి పిలవాలా? సరిగ్గా అక్కడ నాన్నగారు "లేవే, రైలు" అన్నారట. రైల్లో పందెం పడింది. పిలుస్తాడని ఆయన, పేల్చేస్తాడని ఈవిడ. ఓడినవాళ్లు స్టేషన్ నుంచి ఇంటిదాకా ఒక్కళ్లే పెట్టె మోయాలి. పైవారానికి సినిమా మారిపోయింది. పందెం తేలలేదు గనక చెరో పిడీ పట్టుకున్నారు. ఆయన పోయేదాకా అలాగే మోశారు.

ఈ ఏడు శ్రీరామనవమికి ఆమదాలవలసలో కథ పెట్టారు. వాలివధ. కల్యాణం భోజనాలయ్యాక మూడింటికి మొదలెడితే ఎవరు వింటారు? పులిహోర బరువుకి పందిరి పందిరంతా కునుకుతోంది. చెట్టు చాటున రాముడు బాణం ఎక్కుపెట్టాడు. అమ్మగారు ఠక్కున ఆగిపోయారు. నిద్ర వదిలించడానికి కథ మధ్యలో పిట్టకథ చెప్పడం మాకు మామూలే, ఏ పరమానందయ్య శిష్యులో వస్తారనుకున్నాను. ఆవిడ కొంగు బిగించి, చిడతలు నడుముకి దోపి, కాళ్లు ఎడంగా పెట్టి, "నాయనలారా, పడమటి దేశంలో ఒక ఊరుంది" అన్నారు.

నా వేళ్లు కొయ్యబారిపోయాయి. బందిపోటుకి ఏ రాగం వాయించాలో నాకెవరు నేర్పారు? మృదంగం గంగులు మావయ్య మాత్రం డెక్కల చప్పుడు అందుకున్నాడు. ఆవిడ తన గజ్జెలు దానికి జత కలిపారు. వేదికంతా గుర్రం దౌడు తీసింది. కునికేవాళ్లు లేచారు, లేచినవాళ్లు ముందుకి జరిగారు. షెరీఫు తొట్టి చాటుకి చేరాడు, గురిపెట్టాడు. అమ్మగారు ఆగారు.

ముందు వరసలో జగ్గమ్మ అనే ముసలమ్మ ఉండబట్టలేక అడిగేసింది. "మరేటయినాదమ్మా? కాల్సీసినాడా?"

"తెలీదమ్మా. రైలుకి టైమైపోయిందని లేచొచ్చేశాం."

పందిరి గొల్లుమంది. నవ్వయ్యాక తగువు మొదలైంది. కమిటీ ప్రెసిడెంటు నరసింగరావు మీసం మీద చెయ్యేసి, "ఎనకనించి కొట్టినోడు మగోడేటి? పిలిసే ఉంటాడు" అన్నాడు.

"పిలిస్తే ఆడు ఊరుకుంటాడేటి?" అంది జగ్గమ్మ. "మరి రాముడేటి సేసినాడు? పిలిసినాడా?"

అమ్మగారికి కావలసింది ఆ మాటే. చిడతలు చేతికి తీసి, నేలకొరిగిన వాలి గొంతుతో "చాటునుండి కొట్టితివేల రామా" అని అందుకున్నారు. కథ అయ్యేదాకా ఒక్కడూ కదల్లేదు.

హారతి ఇస్తుంటే ఉదయభాస్కర్ అని, ఎచ్చెర్ల యూనివర్సిటీలో పాఠాలు చెప్పే ఆయన, జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "అమ్మగారూ, ఆ సినిమా నేను చూశాను. ఫోన్లో దొరుకుతుంది." ముగింపు చెప్పబోతుంటే ఆవిడ చెవులు మూసుకున్నారు. నా ఫోన్లో పెట్టించుకున్నాం.

స్టేషన్‌లో బెంచీ మీద కూర్చుని, చివరి పది నిమిషాల దగ్గరికి జరిపాను. నీళ్లతొట్టి వచ్చింది. అమ్మగారి చెయ్యి నా మణికట్టుని పట్టేసింది. సరిగ్గా అప్పుడే పాసింజరు కూత పెట్టుకుంటూ వచ్చి ఆగింది.

"అమ్మగారూ, బండి."

"పోనీ."

"మళ్లీ బండి రెండు గంటల తర్వాతేనండీ."

"ఈ బండి కోసం నలభై సినిమాల ముగింపులు వదులుకున్నానే. ఇవాళ నేను లేవను."

బండి వెళ్లిపోయింది. తెరమీద షెరీఫు తుపాకీ కాస్త దించాడు. నిలబడ్డాడు. స్నేహితుణ్ణి పేరు పెట్టి పిలిచాడు. తర్వాత పిస్తోళ్లు పేలాయి గాని, ఎవరు పడ్డారో నేను చూడలేదు. అమ్మగారినే చూస్తున్నాను.

"పిలిచాడే," అన్నారు. కళ్లలో నీళ్లు, పెదాల మీద నవ్వు. "మా నాన్నే గెలిచాడే."

పొందూరులో దిగాక అలవాటుగా పెట్టె అందుకోబోయాను. ఆవిడ నా చెయ్యి తీసేసి, పెట్టె భుజానికెత్తుకున్నారు.

"బరువండీ, ఒక పిడి నేను పట్టుకుంటాను," అన్నాను.

"ఓడింది నేను," అన్నారు ఆవిడ. ఇంటిదాకా నన్ను ముట్టుకోనివ్వలేదు.