పరీక్షలో నా నాటకం

కరోనా రోజుల్లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు మంచుకొండ మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాను. అందరికీ అలాగే చెబుతాను కానీ, నిజానికి పడింది వాళ్ల బాత్రూంలో.

ఆపరేషన్ అయ్యాక ఆసుపత్రిలోకి మా ఇంటివాళ్లెవరినీ రానివ్వలేదు. నాతో తెలుగులో మాట్లాడేది నర్సింగ్ చదువుతున్న వరంగల్ పిల్ల కావ్య ఒక్కతే. ఒకరోజు, "తాతా, రేపు నాకు ప్రాక్టికల్ పరీక్ష. పేషెంట్ మీరే. మా మేడం పక్కనే నిలబడి చూస్తది" అంది.

రోగి ఎంత దీనంగా ఉంటే పిల్లకు అన్ని మార్కులు పడతాయనుకున్నాను. మర్నాడు మేడం రాగానే కళ్లు తేలేసి, "అమ్మా, మొహం కాస్త తుడువు" అని మూలిగాను. మేడం మొహం చిట్లించి ఏదో రాసుకుంది. కావ్య కళ్లలో నీళ్లు తిరిగాయి.

అయినా గొంతు తేనెలా మార్చి తెలుగులో అంది: "తాతా, నాటకాలు బంద్ చెయ్. ఈడ ముసలోళ్ల పని వాళ్లతోనే చేయించాలె, అదే నా పరీక్ష. నువ్వు లేవకుంటే నేను ఫెయిల్. నిన్న బిస్కెట్ల కోసం తలుపుదాకా నడిచిందెవరు?"

ఏమన్నావని మేడం అడిగితే, ధైర్యం చెప్పానందట.

లేచాను. మొహం కడుక్కున్నాను, తల దువ్వుకున్నాను, వాకర్ పట్టుకుని వార్డంతా చుట్టేశాను. సరే, కిటికీ దాకా వెళ్లాను.

కావ్య పాసైంది. నా పుణ్యమేనని చాలామందికి చెప్పుకున్నాను. మొండి ముసలాణ్ణి లేపినందుకే మేడం మెచ్చుకుందని తర్వాత తెలిసింది. ఆ ఏడాది అందరూ పెద్దవాణ్ణని నన్ను దుప్పటి కప్పి కూర్చోబెట్టారు. తిట్టి నిలబెట్టింది ఆ పిల్ల ఒక్కతే.