టిష్యూ ప్యాకెట్ ఉన్న కుర్చీ

“రేపూ వస్తావా అక్కా?” అంది కుర్చీలో నా పక్కన ఇరుక్కున్న తమిళామె.

“వస్తాలే. ఈతూరి నా తువ్వాల నేనే తెచ్చుకుంటా” అన్నాను.

అంతకు ముందు జరిగింది చెప్తా. సింగపూర్‌లో నా మనవరాలు నన్ను ఒక చిన్న పుస్తకాల అంగడికి తీసుకుపోయింది. అక్షరాలు సరిగా రాకపోయినా, అట్టల మీది బొమ్మలు చూసి సంబరపడి బయటికొచ్చాను. వాకిట్లో ఒక ముసలాయన అకార్డియన్ వాయిస్తున్నాడు. వింటుంటే నా భుజాలు వాటంతట అవే ఊగాయి. మోకాళ్లే మొరాయించాయి.

“నిలబడలేకపోతే ఇంటికి పోదాం అవ్వా” అంది మనవరాలు.

పాట సగంలో పోవడమా? చుట్టూ చూస్తే ఒకే ఒక ఖాళీ కుర్చీ, దాని మీద టిష్యూ ప్యాకెట్. చెమట తుడుచుకోవడానికి అంగడివాళ్లు పెట్టారనుకుని, ఒకటి లాగి మొహం తుడుచుకుని కూర్చున్నాను.

అంగడిలోంచి పుస్తకం పట్టుకొచ్చిన ఆ తమిళామె నా ముందు నిలబడింది. మాది చిత్తూరు వైపు, తమిళం నాకు వచ్చు.

“అది నేను చోప్ చేసిన కుర్చీ! ఇక్కడ టిష్యూ పెడితే సీటు మనదే” అంది.

“మా ఊర్లో బస్సు కిటికీలోంచి తువ్వాల వేస్తాం. దాంతో ఎవురూ మొగం తుడుచుకోర్లే!” అన్నాను.

ఆమె పకపకా నవ్వి, “జరుగు” అంది. ఒక్క కుర్చీలో ఇద్దరం ఇరుక్కుని, పడిపోకుండా ఒకరి నడుం ఒకరు పట్టుకుని, పాట అయ్యేదాకా నవ్వుతూ ఊగాం. మా ఆయన పోయాక నేను అంత గట్టిగా నవ్వింది అప్పుడే.

ఏమ్మే, నేను చెప్పిందంతా రాసినావా? ఇంగ చదువు. నేను నవ్విన కాడ నువ్వూ నవ్వాల.