రేవతి నడిపిన మీటింగు

రేపటి నాయకుల్ని మా సిబ్బందిలోంచే తయారుచెయ్యాలని మా యూనివర్సిటీ నిర్ణయం. డిపార్ట్‌మెంటు హెడ్‌ని కాబట్టి, ఈ రోజు మీటింగు నడిపే పని మా అందరిలోకీ చిన్నదైన రేవతికి అప్పగించాను. కృత్తిక పండగ కావడంతో తిరుత్తణిలో మురుగన్ కొండకు కావళ్ళు మోసుకెళ్ళే జనం మధ్య చిక్కుకుని, మా యూనివర్సిటీ ఉన్న తిరువళ్ళూరు చేరేసరికి నాకు ఆలస్యమైంది.

తలుపు తీస్తే నా కుర్చీ ఖాళీగా ఉంది. రేవతి రోజూ కూర్చునే మూలలోంచే మాట్లాడుతోంది. మిగతావాళ్ళు ఆమెకు జవాబులు చెబుతున్నారు, నా ఖాళీ కుర్చీని చూస్తూ.

"ఈడ కూర్చోమ్మా" అన్నాను.

"అది మీ సీటు గదా సార్. నేనెట్లా కూర్చునేది?"

పట్టుబట్టి ఆమెను అక్కడ కూర్చోబెట్టి, నేను మూలకు పోయాను. గొప్ప పనే చేశాననుకున్నాను. రేవతి పరీక్షల డ్యూటీల సంగతి ఎత్తింది. మా సీనియర్ సుబ్రమణ్యం గారు కుర్చీ మూలకు తిప్పుకుని, "మీరేమంటారు సార్?" అని నన్నడిగారు. తలలన్నీ నా వైపు తిరిగాయి. రేవతి తల కూడా.

టీ తాగొస్తానని చెప్పి బయటికి వచ్చేశాను. కాసేపటికి లోపల్నుంచి రేవతి గొంతు కాస్త గట్టిగానే వినిపించింది.

"లేదు సార్, ఈసారి ఆదివారం డ్యూటీ మీరే చెయ్యాల."

సుబ్రమణ్యం గారు ఏమన్నారో వినపడలేదు. నేను మాత్రం టీ సంగతి మరిచి, తలుపు దగ్గరే చెవి పెట్టి నిలబడ్డాను. లోపలికి పోకుండా ఉండటం ఇంత కష్టమని తెలియదు. శిక్షణ ఎవరికి కావాలో ఇప్పుడు తెలిసింది.

మీ ఆఫీసులో పెద్దసారు టీకి వెళ్తారా?