డాక్టరమ్మకు రెండు సూదులు

కలకత్తా దగ్గరి సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో ఎవరు ఎదురుపడినా రమాకుమారి ముందు జబ్బ పట్టుకుని, "టీకాలన్నీ అయ్యాయా?" అని అడుగుతుంది. డాక్టరు చదువు మూడో ఏడు. లోకల్ రైల్లో నిలబడి, గాలిలో వేలితో కాలేయం బొమ్మ గీస్తూ కామెర్ల గురించి మొదలుపెట్టిందంటే, చేపల బుట్టల ఆడవాళ్ళు కూడా కబుర్లు మాని వింటారు. కాలేజీలో టీకాల మీద పెట్టిన క్విజ్‌లో మొదటి బహుమతి ఆమెదే.

అలాంటి మనిషి మొన్న వార్డులో కామెర్లతో చేరిన బైరాగి అనే ముసలాయనకు రక్తం తీసి, అదే సూదిని పొరపాటున తన వేలికి గుచ్చుకుంది. నర్సు పరుగెత్తుకొచ్చి, వేలు కడిగిస్తూ, "హెపటైటిస్ బి టీకా ఎన్ని డోసులు?" అంది.

"మూడు దీదీ. మొదటి దాని తర్వాత నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది."

"అది పుస్తకంలో మాట. నువ్వెన్ని వేయించుకున్నావు?"

రమాకుమారి వేయించుకున్నది ఒక్కటీ లేదు. సూదంటే ఆమెకు చచ్చేంత భయం. నర్సు ఒక చేతికి టీకా, రెండో చేతికి వెంటనే కాపాడే మందు, ఇలా రెండు సూదులు సిద్ధం చేసేసరికి, డాక్టరమ్మ చెప్పులతో సహా బైరాగి మంచమెక్కి దుప్పటి ముసుగేసుకుంది. బైరాగి సెలైన్ స్టాండు పట్టుకుని మెల్లగా కిందికి దిగి, ఆ ముసుగు మీద చెయ్యేశాడు.

"ఏటీ కాదు తల్లీ, నానిక్కడే ఉన్నాను."

అప్పుడే రౌండ్లకొచ్చిన పెద్ద డాక్టరు, "ఈ పేషెంటుకు ఏమైంది?" అన్నాడు.

"సూదంటే బయం బాబూ. మీరు కాసేపు బయటుండండి."

దుప్పటి కింద నుంచి ముందు ఒక చెయ్యి బయటికొచ్చింది. చాలాసేపటికి రెండోది.