శాసనవాదం, పొంగిన దోసెపిండి

ఆ రోజుల్లో, మనుషులూ సర్క్యూట్ల వంటివారేనని, సరైన నిబంధన ఇస్తే సరైన ఫలితం వస్తుందని నేను దృఢంగా నమ్మేవాణ్ణి. సిడ్నీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదువుతూ, ఎంపిక చేసుకోవలసిన అదనపు సబ్జెక్టుగా ప్రాచీన చైనా తత్వశాస్త్రం తీసుకున్నాను (శుక్రవారం సెలవు దొరుకుతుందన్నదే అసలు కారణం). అందులో శాసనవాదులు నన్ను కట్టిపడేశారు. మనుషుల మంచితనాన్ని నమ్ముకుని రాజ్యం నడపలేమని, చట్టం స్పష్టంగా, అందరికీ ఒకటిగా ఉండాలని, బహుమతి, శిక్ష రెండూ పాలకుడి చేతిలో ఉంటే చాలునని వారి వాదం. మరో సూత్రం మరీ నచ్చింది: తన పని మానినవాడే కాదు, ఇతరుల పనిలో చేయి పెట్టినవాడూ దోషే.

నా రాజ్యం ద పాండ్స్ అనే సిడ్నీ శివారులో ఒక అద్దె ఇల్లు. ప్రజలు ఇద్దరు: మాకంటే పెద్దవాడైన గుంటూరు అన్న, వరంగల్ నుంచి వచ్చిన లడ్డు. ఇంటి ఏజెంటు తనిఖీలో ఇల్లు శుభ్రంగా కనిపించకపోతే లీజు పొడిగించరని తెలియగానే, చట్టం రాసి ఫ్రిజ్‌కు అంటించాను. హాలు నాది, వంటగది అన్న వంతు, దోసెపిండి వ్యవహారం మొత్తం లడ్డుది. తన పని మానినా, ఇతరుల పని ముట్టుకున్నా వారం పాటు అంట్లు తోమాలి.

తనిఖీ రోజు లడ్డు పిండిగిన్నెను ఓవెన్‌లో పెట్టి, లోపలి దీపం మాత్రం వెలిగించి (చలికాలంలో పిండి పులియడానికి ఆ వెచ్చదనం చాలు) యూనివర్సిటీకి వెళ్లాడు. మధ్యాహ్నం నేను హాలు ముగించి వచ్చేసరికి పిండి పొంగి, ఓవెన్ తలుపు సందులోంచి నేలమీదికి జారుతోంది. అన్న చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

"అన్నా, తుడవొచ్చు కదా!"

"పిండి లడ్డుగాడి డిపార్ట్‌మెంటు తమ్ముడూ. నేను ముట్టుకుంటే అంట్లు నాకు పడతాయి."

"ఎమర్జెన్సీ అన్నా, ఏజెంట్ వచ్చేస్తుంది!"

"ఎమర్జెన్సీ క్లాజ్ ఏదీ? చూపించు, ఇప్పుడే తుడుస్తా."

అటువంటి క్లాజు లేదు. (చట్టం బలహీనపడుతుందని నేనే కొట్టివేశాను.) బెల్లు మోగింది. ఇల్లు పోతే ముగ్గురం తలో దిక్కు. స్వెటర్ విప్పి, మోకాళ్లమీద కూర్చుని తుడవసాగాను. అన్న తలుపు తీశాడు. ఏజెంటు వంటగదిలోకి వచ్చేసరికి నేను బనియన్‌తో, తల ఓవెన్‌లో పెట్టి ఉన్నాను. ఇంత నిష్ఠగా ఓవెన్ శుభ్రం చేసే అద్దెదారును ఎన్నడూ చూడలేదని ఆమె మెచ్చుకుని, ఫోటో తీసుకుంది. లీజు నిలిచింది.

సాయంత్రం అన్న మా ఇద్దరికీ అంట్లు తోమే శిక్ష వేసేసరికి లడ్డు విస్తుపోయాడు. "ఏందన్నా, ఇల్లు నిలబెట్టినోనికి గూడ శిక్షనా?"

"చట్టం అందరికీ ఒకటే కదరా. నీకు పని వదిలేసినందుకు, వీడికి నీ పని చేసినందుకు."

ఇద్దరం సింకు ముందు నిలబడ్డాం. కాసేపటికి అన్న హాల్లోంచి లేచి వచ్చి, తువ్వాలు అందుకుని, మేము కడిగిన గిన్నెలు తుడవడం మొదలుపెట్టాడు.

"ఇది నీ పని కాదు కదా అన్నా? నీకూ శిక్ష పడుతుంది" అన్నాను.

"వేసుకోండ్రా. రేపు కూడా ఇక్కడే ఉంటా."

ఇప్పుడు నా ఇంట్లో డిష్‌వాషర్ ఉంది. గిన్నెలు తడి లేకుండా బయటికి వస్తాయి. ఇంజినీరుగా దాని సామర్థ్యాన్ని గౌరవిస్తాను. అయినా అప్పుడప్పుడు ఒక గిన్నెను చేత్తో కడిగి, తుడిచేవాడు ఉన్నాడనుకుని, పక్కకు చాస్తుంటాను.