గాజు గీసిన చోటల్లా

గన్నవరంలో గాజుల సంపూర్ణమ్మ చేత గాజులు తొడిగించుకోని ఆడపిల్ల అరుదు. అరచెయ్యి ఒక్కసారి నొక్కి చూసి గాజు కొలత రెండుంపావో రెండున్నరో చెప్పేసేది. అలాంటి మనిషి చేతుల మీద రెండువేల మూడులో ఎర్రటి మచ్చలు లేచి, తెల్లగా పొట్టు రాలడం మొదలైంది. అంతే, ముప్పై ఏళ్ళుగా చేతులందించినవాళ్ళు వాటిని కొంగుచాటున దాచుకున్నారు. సిగ్గులేని జనం! సంపూర్ణమ్మకి ఒళ్ళు మండిపోయింది.

మండుతూనే బెజవాడలో చర్మాల డాక్టరు పద్మశ్రీ దగ్గరికి వెళ్ళింది. డాక్టరమ్మ చిన్న చర్మం ముక్క తీసి పరీక్షకి పంపి, వారం తర్వాత విడమరిచి చెప్పింది.

"ఇది సోరియాసిసమ్మా. అంటుకోదు. ఒంట్లో కాపలా కణాలుంటాయి. శత్రువు లేకపోయినా వచ్చాడని కబురు పంపుతున్నాయి. అది అందగానే చర్మంలో అణిగి ఉండాల్సిన జన్యువులు మేలుకుంటాయి. నెల పట్టే చర్మం నాలుగైదు రోజుల్లో తయారై పొట్టు కడుతుంది. గాజుపెంకు గీసుకున్నా ఆ గీత వెంబడే మచ్చ లేస్తుంది. చూడండి, మీవన్నీ గీతలే."

"అయితే నా ఒంట్లోవాళ్ళు కూడా ఊళ్ళోవాళ్ళలాగే చూడకుండా అరుస్తున్నారన్నమాట."

"మందిస్తాను. తగ్గుతుంది, మళ్ళీ రావచ్చు కూడా. మానకండి."

"ఒంట్లోవాళ్ళకి సరే. ఊళ్ళోవాళ్ళకేమిస్తారండీ?"

డాక్టరమ్మ మందుచీటీ రాసి చేతికిచ్చింది.

ఆ శుక్రవారం, చేతులు దాచుకున్నవాళ్ళలో ఒకరైన మాణిక్యమ్మ ఇంట్లో ఆవిడ కూతురు మనోజ్ఞ సీమంతం. బారసాలనాడు ఆ పిల్లకి నల్లగాజులు తొడిగింది సంపూర్ణమ్మే. ఈ గాజులూ తనే తొడగాలని పంతం పట్టింది. గాజులు గుచ్చిన మలారం భుజాన వేసుకుని వెళితే మాణిక్యమ్మ గుమ్మంలోనే ఆపేసింది.

"అరుగు మీద పెట్టి వెళ్ళు సంపూర్ణమ్మా. మేం తొడుక్కుంటాంలే."

"అంటుకోదని డాక్టరుగారు చెప్పారండీ."

"వాళ్ళలాగే చెబుతారు. కడుపుతో ఉన్న పిల్లమ్మా!"

సంపూర్ణమ్మ కదల్లేదు. గాజులు లోపలికిచ్చి, అరుగు మీదే కూర్చుంది. మనోజ్ఞ చేతులు నీరొచ్చి ఉబ్బి ఉన్నాయి. నొక్కి తొడగడం లోపల ఎవరికీ చేతకాలేదు. ఒక గాజు చిట్లింది. శుభమా అని సీమంతం చేస్తుంటే ఇదేమిటని ముత్తయిదువలు కంగారుపడ్డారు. రెండోది చిట్లి పిల్ల మణికట్టు గీసుకుంది.

"అమ్మా, సంపూర్ణమ్మత్తని పిలువు!" అని మనోజ్ఞ ఏడ్చేసింది.

మాణిక్యమ్మ బయటికొచ్చింది. "రామ్మా, కాస్త నువ్వే తొడుగు."

"తొడుగుతానండీ. ముందు మీ చెయ్యి ఇవ్వండి."

"నాకెందుకిప్పుడు?"

"మీకే కావాలి. అందరూ చూస్తుండగా."

మాణిక్యమ్మ కొంగు వెనక్కి తోసి చెయ్యి అందించింది. ఆ మచ్చల చేతులు దాన్ని అందుకున్నాయి. సంపూర్ణమ్మ తొందరపడలేదు. మలారంలోంచి తీసి ఒక్కొక్కటిగా డజను గాజులు తొడిగింది. ఒక్కటీ చిట్లలేదు. కోపం మాత్రం పిసరంత కూడా తగ్గలేదు.

"ఇక తప్పుకోండి, పిల్ల ఎదురుచూస్తోంది," అని లోపలికి నడిచింది.