మబ్బులో నా ఎడమ పక్క విమానం

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ధైర్యం చూపించుకోవడానికి ఈ మాట అనడం లేదు. నేను చేసిన ఉద్యోగం అలాంటిది. అరకులో టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో పనిచేసి రిటైరయ్యాను. వానాకాలం వచ్చిందంటే, ఫోన్లో ఎవరో మూలుగుతున్నారనీ, చనిపోయిన మనిషి గొంతు వినిపించిందనీ మాకు ఫిర్యాదులు వచ్చేవి. లైన్‌మన్ వెళ్లి చూస్తే ప్రతిసారీ తడిసిన జాయింటో, ఒకదానికొకటి రాసుకుంటున్న తీగలో కనపడేవి. ఈ సంగతిలో కూడా అలాంటిదేదో ఉండే ఉంటుందని చాలా ఏళ్లు వెతికాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను వయసు రాకముందే వాలంటరీగా రిటైరయ్యాను. పిల్లలిద్దరూ విశాఖపట్నంలో చదువుకుంటున్నారు. మా ఆయన కాఫీ తోటల పని మీద పొద్దున వెళితే సాయంత్రానికి గానీ వచ్చేవారు కాదు. ఇంట్లో నాకు ఏమీ తోచేది కాదు. అప్పుడు మా శంకరం అన్నయ్య తన పాత కంప్యూటర్ పంపించాడు. అన్నయ్య విజయనగరంలో కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌గా చేసి, నాకన్నా ముందే రిటైరయ్యాడు. ఆ కంప్యూటర్‌లో విమానం నడిపే ఆట ఒకటి ఉంది. ఆట అంటే అన్నయ్యకు కోపం. "ఆట కాదే, సిమ్యులేటర్. నిజం విమానం ఎలా ఎగురుతుందో ఇదీ అలాగే ఎగురుతుంది" అనేవాడు.

పెద్ద విమానాల జోలికి మేం పోలేదు. ఒకే ఇంజన్ ఉండే నాలుగు సీట్ల చిన్న విమానం చాలు మాకు. అన్నయ్య ఫోన్లో చెబుతుంటే నేను నేర్చుకున్నాను. మొదట్లో రన్‌వే దాటకుండానే పల్టీ కొట్టేదాన్ని. కొన్నాళ్లకు విశాఖపట్నంలో లేచి, సముద్రం మీద ఒక చుట్టు తిరిగి, ఎస్.కోట మీదుగా కొండలెక్కి అరకు దాకా రావడం అలవాటైంది. ఆ సిమ్యులేటర్‌లో అరకు ఊరు ఉండదు. రైలు పట్టాలుండవు. ఆకుపచ్చా గోధుమరంగూ కలిసిన కొండలు మాత్రమే. అయినా లోయ ఒంపు చూసి, మా ఇల్లు ఇక్కడ ఉండాలి అనుకుని దాని చుట్టూ తిరిగేదాన్ని. ఎంత సంతోషంగా ఉండేదో చెప్పలేను. వంట మాడబెట్టిన రోజులు కూడా ఉన్నాయి.

తర్వాత అన్నయ్య ఇంకో సంగతి కనిపెట్టాడు. మోడెమ్‌తో ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి ఫోన్ కలిపితే, ఇద్దరం ఒకే ఆకాశంలో ఎగరొచ్చు. నా తెర మీద ఆయన విమానం, ఆయన తెర మీద నాది. అన్నయ్య విమానం తెల్లగా ఉండి, ఎర్ర చార ఉండేది. దాని పక్కన చిన్న అక్షరాల్లో పేరు కనపడేది. ఎప్పుడూ నాకు ఎడమ పక్కనే ఉండేవాడు. లైను మోడెమ్‌కి పోతుంది కనక మాట్లాడుకోవడానికి వీల్లేదు. నేను తప్పుదారి పడితే రెక్క ఒకసారి వంచి, తను అటు తిరిగేవాడు. నేను వెనకాలే వెళ్లేదాన్ని.

మా ఇంట్లో ఈ విమానాలు చూసిన మనిషి ఇంకొకరున్నారు, బుద్రి. డుంబ్రిగుడ అవతల ఒక పల్లె నుంచి పసుపు, చిక్కుడు గింజలు తెచ్చి అమ్ముకునేది. దాదాపు నా వయసే. వచ్చినప్పుడల్లా టీ తాగి, గుమ్మం దగ్గర కూర్చుని తెర వైపు చూసేది. రెండు విమానాలు కనపడితే, "అన్న కూడా వొచ్చినాడు" అని నవ్వేది.

ఆ ఏడు వానలు గట్టిగా పట్టాయి. చెట్టు పడి ఫోన్ లైను తెగింది. రెండు రోజులుగా ఊరు మొత్తం మీద ఫోన్లు లేవు. పిడుగుల భయానికి నేను ముందే మోడెమ్ తీగ గోడ నుంచి పీకి, చుట్టి కిటికీలో పెట్టాను. ఇది నాకు బాగా గుర్తు. ఉద్యోగం మానేసినా ఆ జాగ్రత్త మానలేదు.

మధ్యాహ్నానికి ఉరుములు తగ్గాయి. సన్నటి జల్లు పడుతోంది. కరెంటు ఉంది. కంప్యూటర్ పెట్టి, బయట ఎలా ఉందో లోపలా అలాగే ఉండాలని సరదాగా మబ్బులు దట్టంగా పెట్టుకున్నాను. విశాఖపట్నంలో లేచాను. విమానం ఎందుకో ఆ రోజు బరువుగా కదిలింది. వేగం అందుకోలేదు. ఎలాగో అరకు దాకా వచ్చాను. అప్పుడే బుద్రి కూరకు లేత వెదురు కొమ్ములు పట్టుకుని వచ్చింది. తడిసిన కొంగు పిండుకుని గుమ్మంలో కూర్చుంది.

తిరుగు ప్రయాణంలో మబ్బు కమ్మేసింది. ముందు ఏమీ కనపడడం లేదు. కొండలు నాకన్నా ఎత్తులో ఉన్నాయని తెలుసు. పైకి లేపుదామంటే విమానం లేవడం లేదు. తెర మీద కూలిపోతే మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు, నాకేం కాదు. అయినా కుర్చీ తెరకు దగ్గరగా జరుపుకున్నాను.

అప్పుడు ఎడమ పక్క తెల్ల విమానం వచ్చింది. మామూలుగా వచ్చినట్టే వచ్చింది. నాకు ఆశ్చర్యం కూడా కలగలేదు. అమ్మయ్య, అన్నయ్య వచ్చాడు అనుకున్నాను. అది రెక్క వంచి ఎడమకు తిరిగింది. నేను తిన్నగా పోదామనుకుంటున్నాను. మళ్లీ వంచింది. ఈసారి నేనూ తిరిగాను.

బుద్రి వెనక నుంచి, "ఏటక్కా, ఫోన్ పని సెయ్యట్లేదన్నావు. అన్న విమానం వొచ్చింది గదా" అంది.

అప్పుడు గుర్తొచ్చింది. కిటికీ వైపు చూశాను. తీగ చుట్టిన చుట్ట చుట్టినట్టే ఉంది.

భయమేసిందా అంటే, లేదు. మీటల మీంచి చెయ్యి తీస్తే అది పోతుందేమో అనిపించింది. అందుకని చూస్తూ వెనకే వెళ్లాను. మబ్బు పలచబడి గోస్తని లోయ కనపడింది, ఆ తర్వాత మైదానం. తెల్ల విమానం ముందుకు వెళ్లిపోయి చుక్కంత అయింది. తర్వాత లేదు. దాని పక్కన అన్నయ్య పేరు చదివానా అంటే, చదివాననే అనుకుంటున్నాను. ప్రమాణం చెయ్యమంటే చెయ్యలేను.

విశాఖపట్నంలో దిగేటప్పుడు నా తప్పు తెలిసింది. లేచేటప్పుడు రెక్కల వెనక అంచులు కిందికి దించుతాం. వాటిని ఫ్లాప్స్ అంటారు. పైకి వెళ్లాక ఎత్తేయాలి. నేను ఎత్తడం మరిచిపోయి దారంతా అలాగే ఎగిరాను. విమానం లేవకపోవడానికి కారణం అదే. సిగ్గేసి కంప్యూటర్ ఆపేశాను. ఈ మాట బుద్రికి చెప్పలేదు, మా ఆయనకూ చెప్పలేదు.

ఆ రోజు మా ఆయన ఆఫీసు పని మీద పాడేరు వెళ్లారు. సాయంత్రం వస్తూనే, "బట్టలు సర్దుకో. పొద్దున్నే విశాఖ వెళ్లాలి" అన్నారు. మా ఫోన్ కలవక అన్నయ్య కూతురు పద్మ పాడేరు ఆఫీసుకు చేసి చెప్పిందట. పొద్దున అన్నయ్య గుండెనొప్పితో పడిపోతే విశాఖపట్నం తీసుకెళ్లారట. మధ్యాహ్నం ఆపరేషన్ మొదలుపెట్టారట. అంతకు మించి ఆయనకూ తెలియదు. ఘాట్ రోడ్డులో బస్సు దిగుతున్నంతసేపూ నేను కిటికీ బయటికి చూడలేదు.

అన్నయ్యకు తెలివొచ్చి, మమ్మల్ని లోపలికి రానివ్వడానికి రెండు మూడు రోజులు పట్టింది. గొంతు సరిగా పెగలడం లేదు. నన్ను చూసి మొదట అన్న మాట ఇది.

"ఏటే చిట్టీ, ఫ్లాప్స్ ఎత్తకుండా అంత దూరం ఎలా ఎగిరావే?"

నేను మంచం దగ్గరికి జరిగాను. ఆయనే మళ్లీ, "ఎడమకి రమ్మంటే బేగి రావేం" అని కళ్లు మూసుకున్నాడు. పద్మ కంగారుపడి నర్సును పిలిచింది. మందుల మత్తులో అలా మాట్లాడతారనీ, ఏవో కలలొస్తాయనీ ఆమె చెప్పింది. అవును, వస్తాయి. నేనూ ఒప్పుకుంటాను.

తర్వాత పద్మను మాటల్లో పెట్టి అడిగాను. ఆ రోజు విజయనగరం ఇంటికి తాళం వేసి అందరూ ఆసుపత్రిలోనే ఉన్నారట. విశాఖపట్నంలో కంప్యూటర్లు బాగుచేసే అతన్నీ అడిగాను. కొన్ని ప్రోగ్రాములు వాటంతటవే వేరే విమానాలు చూపిస్తాయన్నాడు. అవి ఎదుటివాళ్లకు దారి చూపిస్తాయా అంటే నవ్వాడు. అరకు వచ్చాక మబ్బులు పెట్టుకుని, తీగ పీకి, అదే దారిలో చాలాసార్లు ఎగిరాను. ఏ విమానమూ రాలేదు.

బుద్రిని అడిగితే వింతగా చూసింది. "ఎర్ర సార ఉంది గదక్కా, అన్నదే. నేనప్పుడే సెప్పినాను" అంది. అంతకు మించి ఆలోచించాల్సిందేమీ లేదు ఆమెకు. అన్న కోలుకున్నాడా అని అడిగి, కోలుకున్నాడంటే సంతోషించి వెళ్లిపోయింది.

అన్నయ్య కోలుకున్నాడు. చూపు తగ్గేదాకా ఇంకొన్నేళ్లు ఇద్దరం కలిసి ఎగిరాం. ఆ సంగతి మాత్రం నేను ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. ఒక చలికాలం మా ఇంటికి వచ్చినప్పుడు, వరండాలో ఎండకు కూర్చుని ఉండగా అడిగేశాను. ఆసుపత్రిలో నాతో ఏమన్నావో గుర్తుందా అన్నాను.

లేదన్నాడు. పడిపోవడం గుర్తు లేదు, ఆపరేషన్ గుర్తు లేదు, ఫ్లాప్స్ మాట అసలే గుర్తు లేదు. నేను జరిగిందంతా చెప్పాను. ఫిజిక్స్ చెప్పిన మనిషి, కొట్టిపారేస్తాడనుకున్నాను. ఆయన కొట్టిపారేయలేదు.

"ఒక్కటే గుర్తుంది చిట్టీ. లోపల ఎక్కడున్నానో తెలీదు గానీ, చాలా భయమేసింది. నాకేదో అవుతుందని కాదు. నువ్వు దిగావో లేదో అని."

ఇది ఎలా జరిగిందో నాకు తెలియదు. ఆయనకూ తెలియదు. దిగాను అన్నయ్యా అని మాత్రం ఆ రోజు చెప్పాను.